ఇంజను లేని బండిలో ఇరువది నిమిషములు

శ్రీ సిటీ పేరెరుగని విద్యార్థి మా పాఠశాలయందు లేడు. ఏ తరగతిలోనైనను పదిమందిని నిలువబెట్టి, మీ యింటివారెచ్చట పనిచేయుచున్నారని యడిగినచో, నాన్న యనియో, అన్న యనియో, చిన్నమ్మ యనియో చెప్పి, అందు నలుగురైనను ఆ పేరే చెప్పుదురు. ఉదయమున మా పాఠశాల గంటకంటె ముందుగా కర్మాగారముల బస్సుల హారను మ్రోగును. పిల్లలు ఆ హారనును బట్టియే నిద్ర లేచెదమని చెప్పుట మేము వినియున్నాము.

సత్యవేడు తాలూకా 1960వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున చేరకమునుపు చెంగల్పట్టు జిల్లాలోనిది. ఆ సీమవారు చెన్నపట్టణము పోయి ట్రాము బండ్లెక్కి వచ్చి, ఆ ముచ్చట మనుమలకు చెప్పుకొన్నవారు. ఆ చెన్నపట్టణమునకు 55 కిలోమీటర్ల దూరమున, జాతీయ రహదారి ప్రక్కన, 2008వ సంవత్సరమున మొదలిడిన శ్రీ సిటీ నేడు తిరుపతి జిల్లాలో చేరియున్నది. అచ్చట జపానువారు చల్లదనపు యంత్రములు చేయుదురు. ఫ్రాన్సు దేశపు ఆల్‌స్టామ్‌వారు మెట్రో రైలు పెట్టెలు చేయుదురు. ఇసుజువారు 2016 ఏప్రిలునుండి మోటారు బండ్లు చేయుచు, 2020లో ఇంజనులు కూర్చు శాలను కూడ తెరచిరి. ఈ వ్యాసము శ్రీ సిటీ చరిత్ర కాదు. అచ్చటి రోడ్డుపై మేము నడిపిన యొక బండిని గూర్చినది. అయినను ఇంజనులు కూర్చు శాల యొకటి అచ్చట నున్నదను సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెను.

గడచిన సెలవులలో కార్లమ్ము వర్తకులొకరు తమ క్రొత్త విద్యుత్ కారును శ్రీ సిటీకి దెచ్చి, వచ్చినవారినెల్ల నెక్కించి నడుపనిచ్చుచున్నారని తెలిసినది. దీనిని టెస్టు డ్రైవందురు. ఆ బండి ఎస్.యు.వి. జాతిది; అనగా నేలకు ఎత్తుగా నుండి, పల్లెబాటల గతుకులకు జంకనట్లు కనబడు పెద్ద కారు. దాని పేరు చెప్పము. ఇది పాఠశాల పత్రిక గాని ప్రకటనల కాగితము గాదు. కొనుటకు పోయితిరా యని కొందరు తలిదండ్రులు మమ్మడిగిరి. మా జీతమెరిగినవారెవరు నా ప్రశ్న వేయరు.

పోవుటకు కారణమైనవారు పదవ తరగతి చదువుచున్న యొక బాలికయొక్క తండ్రి. వారు పండ్రెండేండ్లుగా ఫిట్టరుపని చేయుచున్నారు. డీసెలు ఇంజనులు కూర్చుటయే వారి వృత్తి. ఏ కర్మాగారమో చెప్పుట యనవసరము. వారొకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, "అయ్యవారూ, ఇంజను లేని కారు వచ్చిందంట. మీకు లైసెన్సుంది, నాకు మోటారు సైకిలుదే ఉంది. పోయి చూసొద్దాం రండి" అనిరి. వేలకొలది బండ్లకు గుండె నమర్చిన మనుష్యునకు కారు నడుపుటకు లైసెన్సు లేదు. ఈ మాట మాకు దారి పొడుగునను తలపునకు వచ్చుచునే యుండెను.

బండిని నడుపుటకు మాకిచ్చిన కాలము ఇరువది నిమిషములు. ప్రక్క సీటున వర్తకుని యువకుడు, వెనుక సీటున ఫిట్టరుగారు కూర్చుండిరి. మేము మీట నొక్కితిమి. ఏమియు జరుగలేదు. మరల నొక్కితిమి. యువకుడు నవ్వుచు, "సార్, మొదటిసారే ఆన్ అయింది, ఇప్పుడు ఆఫ్ చేశారు" అని చెప్పెను. ఇంజను గురగుర వినిననే బండి మేల్కొనినదని నమ్ముట మాకు నలువదేండ్ల యలవాటు. ఆ చప్పుడు లేనిచో చేతులకు ధైర్యము చాలదు.

కదలిన తరువాత ఆశ్చర్యము. గేర్లు మార్చు పనిలేదు. క్లచ్చి లేదు. కుడిపాదముతో మెల్లగా నొక్కినంతనే బండి నీళ్ళపై పడవవలె సాగినది. కొంచెము గట్టిగా నొక్కగానే వీపు సీటున కతుకుకొనినది. డీసెలు బండి ముందు కొంత రొప్పి, పిదప బలము తెచ్చుకొనును. దీని బలము మొదటి యడుగునందే పూర్తిగా నున్నది. విద్యుత్ మోటారు లక్షణమే యది: నిలిచియున్న స్థితినుండియే అది తన పూర్ణశక్తితో త్రిప్పగలదు. ఇంజనునకు కొంత వేగము వచ్చిన గాని ఆ శక్తి రాదు. గేర్లన్నియు ఆ కొరతను కప్పిపుచ్చుటకే పుట్టినవి.

శ్రీ సిటీలోపలి రోడ్లు వెడల్పైనవి, నున్ననివి. అట్టి రోడ్డుపై ఏ బండియైనను బాగుగనే యుండును. కావున మేము పట్టుబట్టి బండిని వెలుపలి పల్లెబాటకు మరల్చితిమి. యువకునకది యంతగా నచ్చలేదు. అచ్చట బండి బరువు తెలిసినది. విద్యుత్ కారు క్రింది భాగమున పరచిన బ్యాటరీయే మూడువందల కిలోగ్రాముల కటునిటుగా నుండును. ఆ బరువు నేలకు దగ్గరగా నుండుటచే మలుపులందు బండి తూలదు. గతుకులందు మాత్రము ఆ బరువే వెన్నునకు చెప్పుకొనును. ఎస్.యు.వి. యను పేరు విని కొండబాటలకును చెరువుకట్టలకును ఎక్కింపదలచువారు ఈ సంగతిని తెలిసికొనవలెను.

మాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. కుడిపాదము నెత్తగానే బ్రేకు త్రొక్కకయే బండి నెమ్మదించుచుండెను. ఎదుటి పలకపై, బ్యాటరీకి విద్యుత్తు తిరిగి చేరుచున్నట్లు ఒక గుర్తు కనబడెను. విద్యార్థులారా, ఇది గారడి కాదు. మోటారునకు విద్యుత్తు నిచ్చినచో అది తిరుగును. అదే మోటారును చక్రములు త్రిప్పినచో అది విద్యుత్తు నిచ్చును. 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే తీగచుట్టతోడను అయస్కాంతముతోడను కనిపెట్టిన ప్రేరణమే యిది. మామూలు కారు బ్రేకు పరుగును వేడిగా మార్చి గాలిలో కలుపును. ఈ బండి దానిలో కొంతభాగమును దాచుకొనును. తిరుమల కొండకు 2022వ సంవత్సరమునుండి ఆర్.టి.సి. వారు నడుపుచున్న విద్యుత్ బస్సులను గూర్చి ఆలోచింపుడు. అవి పైకి ఎక్కునపుడు ఖర్చుపెట్టినదానిలో కొంత, 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డుగుండ దిగివచ్చునపుడు తిరిగి రాబట్టుకొనును. ఘాటు రోడ్డుకంటె ఈ బండ్లకు తగిన చోటు లేదని మా యభిప్రాయము. దిగునపుడు బ్రేకులు కాగి వాసన వచ్చు బస్సులలో కూర్చుండి భయపడినవారమే మేమందరమును.

బండి నిలిపినంతనే ఫిట్టరుగారు దిగి, ముందు మూత తెరువుమని యువకుని నడిగిరి. తెరచి చూచి చాలసేపు మాటలాడలేదు. లోపల ఒక పెట్టె, నారింజరంగు లావుపాటి తీగలు, చల్లార్చు నీటి గొట్టములు. పిస్టనులు లేవు, వాల్వులు లేవు, నూనె పోయు మూత లేదు, పొగగొట్టము లేదు. ఇంజనులో కదలు భాగములు వందలకొలది. మోటారులో తిరుగునది ముఖ్యముగా ఒక్కటే. వారు చేతిని చాచి, దేనినో ముట్టబోయి వెనుకకు తీసికొని, మావైపు తిరిగి, "ఇందులో మాకు పనేముంది అయ్యవారూ?" అనిరి.

మేము జవాబు చెప్పలేకపోతిమి. యువకుడు మాత్రము మైలేజిని గూర్చి చెప్ప మొదలిడెను.

ఆ మైలేజి మాటను కూడ కొంత పరీక్షింపవలసియున్నది. 2025 జనవరిలో హ్యుందాయ్‌వారు చెన్నపట్టణ ప్రాంతపు కర్మాగారమున చేసి విడుదల చేసిన క్రెటా ఎలక్ట్రిక్ కారునకు, 51.4 యూనిట్ల బ్యాటరీతో 473 కిలోమీటర్లని ధ్రువీకరించియున్నారు. ఈ సంఖ్యలు ఏ కంపెనీవైనను పరీక్షాశాలయందు నిర్ణీత పద్ధతిని వచ్చినవి. రహదారిపై నూరు కిలోమీటర్ల వేగమున, అయిదుగురు కూర్చుండి, మే నెల యెండలో చల్లని గాలి వేసికొని పోవునపుడు అంత రాదు. పరీక్షలో వచ్చిన మార్కులకును పిదప జీవితమున కనబడు తెలివికిని గల యెడమును ఉపాధ్యాయులు బాగుగ నెరుగుదురు. అందుచేత మేము కంపెనీలను నిందింపము. మూడవ వంతు తగ్గించి లెక్కించుకొనుడని మాత్రము చెప్పుదుము.

పెట్రోలుతో పోల్చి చూచినపుడు మాత్రము ఆ బ్యాటరీపై గౌరవము కలుగును. ఒక లీటరు పెట్రోలునందలి శక్తి సుమారు తొమ్మిది యూనిట్లు. 45 యూనిట్ల బ్యాటరీ యనగా అయిదు లీటర్ల పెట్రోలు మాత్రమే! అయిదు లీటర్ల శక్తితో అంత బరువైన బండి మూడువందల కిలోమీటర్ల దాక పోవుట యెట్లు? ఇంజను తనకిచ్చిన శక్తిలో నాల్గవవంతో, మూడవవంతో చక్రములకిచ్చి, తక్కినదానిని రేడియేటరుగుండను పొగగొట్టముగుండను పారవేయును. మోటారు పదింట తొమ్మిది పాళ్ళు చక్రములకిచ్చును. మనము ఇన్నాళ్ళు పెట్రోలు బంకులో ఇచ్చిన సొమ్ములో అధికభాగము గాలిని వేడిచేయుటకే పోయినది.

అయినచో అందరమును కొనవలదా? లెక్క వేయుదము. పిల్లలు కూడ పలకపై వేసికొని చూడవచ్చును. 300 కిలోమీటర్లకు 45 యూనిట్లు. యూనిటు ఎనిమిది రూపాయలనుకొన్నను 360 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చు పెట్రోలు కారునకు 20 లీటర్లు. లీటరు నూరు రూపాయలే యనుకొన్నను రెండువేలు. అనగా కిలోమీటరునకు సుమారు అయిదున్నర రూపాయల యాదా. ఇక ధర. పైన చెప్పిన క్రెటా విద్యుత్ బండి విడుదలనాడు 17.99 లక్షలతో మొదలైనది. అదే పేరుగల పెట్రోలు బండి 2024 జనవరిలో సుమారు పదునొకండు లక్షలతో మొదలైనది. సదుపాయములు సమానములు కావు గాన లెక్క ముతకదే, అయినను ఏడు లక్షల తేడా అనుకొందము. ఆ తేడా తీరుటకు సుమారు 1,28,000 కిలోమీటర్లు తిరుగవలెను. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు తిరుగు ఉపాధ్యాయునకు ఇరువదియొక్క యేండ్లు పట్టును. అప్పటికి మేము పింఛను తీసికొనుచుందుము, బ్యాటరీ మాకంటె ముసలిదైయుండును. దినమునకు నూటయేబది కిలోమీటర్లు తిరుగు టాక్సీవానికి మూడేండ్లలోపలనే తీరును. కావున ఈ బండి ధనికుని ముంగిట నిలుచుటకంటె టాక్సీవాని చేతను, బస్సు డిపోలోను, ఆటో స్టాండులోను ఉండుటయే న్యాయము. ధనికులే ముందు కొనుచున్నారనుట వేరు సంగతి.

ఛార్జింగు మాట యువకుడు తేలికగా దాటించెను. ఇంటి గోడనున్న మామూలు ప్లగ్గునుండి బ్యాటరీ నిండవలెనన్నచో ఒక రాత్రి చాలదు. త్వరితముగ నింపు యంత్రముల వద్ద గంటలోపల ఎనుబది పాళ్ళు నిండును. ఆనాడు తిరుగుదారిలో అట్టి యంత్రమొకదానిని చూడ బోతిమి. అది పనిచేయుటలేదు. దాని నీడలో ఒక కుక్క నిద్రించుచుండెను. యంత్రమెవరిదో వ్రాయము.

పొగ లేదను మాటకు కూడ ఒక చిన్న సవరణ. బండివద్ద పొగ లేదు. కృష్ణపట్టణమునను, ముద్దనూరువద్దను బొగ్గు మండునంతకాలము పొగ అచ్చటనున్నది. కర్నూలు ప్రాంతమున 2017నుండి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్తు వచ్చుచున్నది గావున, ఎండవేళ ఛార్జి చేసిన బండి రాత్రివేళ ఛార్జి చేసిన బండికంటె శుభ్రమైనదని చెప్పవచ్చును.

తలిదండ్రులకు చెప్పవలసిన హెచ్చరిక యొకటి గలదు. ఈ బండ్లు మెల్లగా పోవునపుడు దాదాపు చప్పుడు చేయవు. పల్లెబాటపై పోవునపుడు మా ముందు ఇద్దరు పిల్లలు భుజములపై చేతులు వైచుకొని నడుచుచుండిరి. పది గజముల దూరమునకు వచ్చినను వారు తిరిగి చూడలేదు. మేము హారను మ్రోగించితిమి గాని, మ్రోగించు నప్పటికి మా గుండె ఒకమారు ఆగినది. వెనుకనుండి వచ్చుదానిని చెవితో కనిపెట్టి ప్రక్కకు తొలగుట మన పిల్లల సహజవిద్య. ఆ విద్య ఇక చాలదు. ఐరోపా సమాఖ్య దేశములలో విద్యుత్ కార్లు తక్కువ వేగమున పోవునపుడు కృత్రిమముగా ధ్వని చేయవలెనని నిర్బంధించి, 2019 జూలైలో క్రొత్త రకములకును, 2021 జూలైలో క్రొత్త బండ్లన్నిటికిని ఆ నియమమును వర్తింపజేసిరి. పాఠశాలకు నడచి వచ్చు పిల్లలు బాటకు కుడిప్రక్కన, ఎదురుగా వచ్చు బండి కనబడునట్లు నడువవలెను. తరగతిలో చెప్పియున్నాము, ఇంట కూడ చెప్పవలెను.

ఇక ఫిట్టరుగారి ప్రశ్న. ఇందులో మాకు పనేముంది? తిరుగు ప్రయాణమున మోటారు సైకిలుపై వారి వెనుక కూర్చుండి మేము దానినే తలచుచుంటిమి. ఈ ప్రశ్న వారొక్కరిది కాదు. మా విద్యార్థులలో ఎందరి భోజనము ఆ పనిపై నడుచుచున్నదో మాకు తెలియును. రేపే డీసెలు బండ్లు మాయమగునని చెప్పువారి మాట మేము నమ్మము. లారీలు, ట్రాక్టర్లు, పికప్పు బండ్లు ఇంకను చాలకాలము ఇంజనులతోనే నడుచును. అయినను పని మారుట మొదలైనది. పెనుగొండవద్ద కియా కర్మాగారమునందే 2025 జూలైనుండి కేరెన్స్ క్లావిస్ యను విద్యుత్ కారు వచ్చుచున్నది. అది పరదేశపు వార్త కాదు, రాయలసీమ వార్త.

మరియొక వైపు చూచినచో పని పుట్టుచు నున్నది. తిరుపతి ప్రక్కన కరకంబాడిలో అమరరాజా సంస్థవారు సీసపు బ్యాటరీలు చేయుట ఒక తరమునుండి యెరిగినదే. 2022 సెప్టెంబరులో తిరుపతియందే మునోత్ సంస్థవారి లిథియం సెల్లుల కర్మాగారము ప్రయోగాత్మకముగా పని మొదలిడినది. అవి చేతిఫోనులకును, వానివంటి చిన్న పరికరములకును తగినవే గాని, విద్య అదే విద్య. శ్రీ సిటీలోనే ఆల్‌స్టామ్‌వారి మెట్రో పెట్టెలక్రింద తిరుగునవి విద్యుత్ మోటారులే. విద్యుత్తు మన సీమకు క్రొత్త చుట్టము కాదు. చెన్నపట్టణమున 1895లో విద్యుత్ ట్రాములు మొదలై 1953 వరకు నడచినవి. అచ్చటి బీచి స్టేషనునుండి తాంబరమునకు 1931లోనే విద్యుత్ రైలు నడచినది. మన తాతలు చూచి వచ్చిన బండియే చుట్టు తిరిగి మనవద్దకు వచ్చినది.

కావున పని లేదనుట సరికాదు. పని తెలియదనుట సరి. ఆ తెలియకపోవుటకు ఫిట్టరుగారు బాధ్యులు కారు. బాధ్యత బడులది, పాఠ్యపుస్తకములు నిర్ణయించువారిది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2022వ సంవత్సరమున విద్యార్థుల భారము తగ్గించుటకని పదవ తరగతి విజ్ఞానశాస్త్రమునుండి తొలగించిన పాఠ్యాంశములలో విద్యుత్ మోటారు, విద్యుదయస్కాంత ప్రేరణము, జనరేటరు అను మూడును గలవు. మోటారు వీథిలోనికి వచ్చిన దినములలోనే మోటారు పుస్తకమునుండి వెడలిపోయినది! భారము తగ్గింపవలసినదే. కాని బియ్యపు బస్తా తీసివేసి పొట్టు బస్తా మోయించుట భారము తగ్గించుట కాదు. పరీక్షలో రాదు గదా యని మాతో వాదించిన విద్యార్థులున్నారు, తలిదండ్రులును ఉన్నారు. వారికి మా జవాబొకటే: పరీక్షలో రాకున్నను బ్రతుకులో వచ్చును, శ్రీ సిటీ గేటువద్ద వచ్చును.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువునపుడు మా యధ్యాపకులు రాగితీగను కొబ్బరిచిప్పకు చుట్టి, అయస్కాంతమును లోపలికిని వెలుపలికిని ఆడించి, ముల్లు కదలుటను చూపిరి. ఆ ముల్లు కదలికను మేము మరువలేదు. ఈ సంవత్సరము పదవ తరగతివారికి మేము పాతదైన ఫ్యాను మోటారు నొకదానిని విప్పి చూపబోవుచున్నాము. కొంచెము ఖర్చగును. పాఠశాల యాజమాన్యమువారు దానికి చిన్న బల్లయు, కొన్ని పనిముట్లును సమకూర్చినచో, కంప్యూటరు గదికి వేసిన రెండవ రంగుకంటె పిల్లలకది యుపయోగపడునని మనవి చేయుచున్నాము. ఈ వాక్యమును సంపాదకులు తొలగింపరని నమ్ముచున్నాము.

టెస్టు డ్రైవు జరిగిన వారమునకు ఫిట్టరుగారు మరల వచ్చిరి. వారి కుమార్తె పుస్తకమంతయు తిరుగవేసితిననియు, మోటారు పాఠమెచ్చటను కనబడలేదనియు చెప్పి, "మా కాలంలో ఉండె కదా అయ్యవారూ, నేను సరిగా చదువలేదు గానీ" అనిరి. మావద్ద పాత పుస్తకమొకటి, అట్టలు పోయినది, ఉండెను. దానిని వారికిచ్చితిమి. శనివారపు సాయంకాలములందు షిఫ్టు లేనపుడు తండ్రియు కుమార్తెయు మా వరండాలో కూర్చుండి దానిని చదువుచున్నారు. కుడిచేతి నియమమునకును ఎడమచేతి నియమమునకును తేడా వద్ద వారిద్దరికిని ఇంకను తగవు తీరలేదు. పుస్తకము కావలసిన తక్కిన విద్యార్థులు కొంచెము ఓపిక పట్టవలెను.